టర్బో బిగించిన పాత హోండా సిటీకి పెట్రోలు ఎంత కావాలి, ఎలా అందించాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది వరంగల్. నా దగ్గర 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ ఉంది. రోడ్డు మీద తిప్పను, చెన్నై, కోయంబత్తూరు ట్రాక్ డేల కోసమే తయారు చేస్తున్నాను. టర్బో, ఇంటర్‌కూలర్ బిగించాం. 0.9 బార్ బూస్ట్‌తో (టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడి) క్రాంక్ దగ్గర 200 హార్స్‌పవర్ రావాలని లక్ష్యం. పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు ఇంకా కంపెనీవే. రైజింగ్ రేట్ రెగ్యులేటర్ ఒక్కటి పెడితే చాలు, ఇంజెక్టర్లు మార్చక్కర్లేదు అంటున్నాడు మా మెకానిక్. స్నేహితుడేమో వాల్‌బ్రో 255 పంపు, నిమిషానికి 1000 సీసీ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, డిక్కీలో సర్జ్ ట్యాంకు (పంపుకి ఎప్పుడూ పెట్రోలు అందేలా చూసే చిన్న అదనపు ట్యాంకు) పెట్టేయమంటున్నాడు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మెకానిక్ సలహా పూర్తిగా పక్కన పెట్టండి. పంపు మార్చాలని మీ స్నేహితుడు చెప్పింది నిజమే, మిగతా రెండూ మీ బండికి ఎక్కువ. ఇద్దరూ సామాను పేర్లతోనే మొదలుపెట్టారు. అసలు మొదలుపెట్టాల్సింది ఫుల్ బూస్ట్‌లో ఆ ఇంజన్‌కి నిమిషానికి ఎంత పెట్రోలు కావాలన్న దగ్గర. అది తేలితే ఇంజెక్టర్ సైజు తేలుతుంది, దాన్నిబట్టి రెగ్యులేటర్, పంపు, పైపులు, చివరికి పంపుకి వెళ్ళే వైరు మందం కూడా తేలుతుంది. ఇంజన్ వైపు నుంచి ట్యాంకు వైపు నడవాలి తప్ప, ట్యాంకులో ఏదో పెద్ద పంపు పడేసి ముందుకు రాకూడదు.

కాబట్టి కాసేపు లెక్క చేద్దాం. ఫుల్ లోడ్‌లో టర్బో పెట్రోలు ఇంజన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 270 గ్రాములు తాగుతుంది. టర్బో లేని ఇంజన్‌కైతే 225 గ్రాముల దగ్గర సరిపోతుంది. టర్బోకి ఆ అదనం ఎందుకంటే, సిలిండర్‌ని చల్లగా ఉంచి నాకింగ్ (పెట్రోలు వేళ కాని వేళ పేలడం) రాకుండా చూడటానికి మనం కావాలనే పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తాం. మీ 200 హార్స్‌పవర్‌కి గంటకి 54 కిలోలు. లీటరు పెట్రోలు 740 గ్రాములనుకుంటే 73 లీటర్లు.

ఇది ఇథనాల్ లేని పెట్రోలు లెక్క. ఇప్పుడు బంకులో మామూలుగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. అంటే అంతే గాలికి పెట్రోలు ఎక్కువ పోయాలి. ఈ20కి ఈ నిష్పత్తి 13.5 దగ్గర పడుతుంది కాబట్టి ఇంచుమించు 8 శాతం అదనం. 73 కాస్తా 79 అవుతుంది, 80 లీటర్లని పెట్టుకోండి. పాత పుస్తకాల్లోనూ, విదేశీ వీడియోల్లోనూ కనిపించే ఇంజెక్టర్ లెక్కల్లో చాలావరకు ఈ 8 శాతం ఉండదు. మన దగ్గర ఇది మరిచిపోతే, ఉందనుకున్న మిగులు కాస్తా మొదటి రోజే అయిపోతుంది.

గంటకి 80 లీటర్లంటే నిమిషానికి 1,330 సీసీ. నాలుగు ఇంజెక్టర్లకి పంచితే తలా 333. అలాగని 333 సీసీ ఇంజెక్టర్ కొనకూడదు. 7,000 ఆర్‌పీఎం దగ్గర ఒక సిలిండర్ పూర్తి సైకిల్‌కి పట్టేది 17 మిల్లీసెకన్లే. ఇంజెక్టర్ ఆ 17 మిల్లీసెకన్లూ తెరుచుకునే ఉంటే ఇక అది కుళాయే, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) చేతిలో ఏమీ ఉండదు. అందుకే 80 శాతం దగ్గర ఆగాలి, ఆ మిగిలిన 20 శాతం ఎండ, బ్యాటరీ, మురికి వగైరా కోసం. 333ని 0.8తో భాగిస్తే 416. మార్కెట్లో దానికి పైన దొరికే సైజు 440 సీసీ. మీకు కావాల్సింది అదే, అదీ 3 బార్ ప్రెషర్ దగ్గర కొలిచిన 440. కొనేటప్పుడు ఏ ప్రెషర్ దగ్గర కొలిచారో అడగండి. 4 బార్ దగ్గర కొలిచి 440 అన్నవాడి సరుకు 3 బార్ దగ్గర 380 మాత్రమే.

ఇక మీ మెకానిక్ మాట. రైజింగ్ రేట్ రెగ్యులేటర్ అంటే బూస్ట్ పెరిగేకొద్దీ రైలు (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) ప్రెషర్‌ని దానికి ఎన్నో రెట్లు పెంచే డబ్బా. ఈసీయూ ట్యూనింగ్ అందరికీ అందుబాటులో లేని రోజుల్లో, అర బార్ లోపు బూస్ట్ పెట్టే చిన్న కిట్‌లకి ఇది బతుకుదెరువు చూపించింది. దాన్ని మీ బండికి పెడితే ఏమవుతుందో చూడండి. ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోలు ప్రెషర్‌తో సమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. పెట్రోలు రెట్టింపు కావాలంటే ప్రెషర్ నాలుగింతలు చేయాలి. మీ ఇంజన్ కంపెనీ నుంచి 106 హార్స్‌పవర్‌తో వచ్చింది. అక్కడి నుంచి 200కి, అదీ టర్బో రిచ్ మిక్స్చర్‌తో (పెట్రోలు పాలు ఎక్కువున్న మిశ్రమం), అదే పెట్రోలు పోసినా రెండుంబావు రెట్లు కావాలి. రెండుంబావు వర్గం ఐదు. 3 బార్‌కి ఐదింతలు 15 బార్! కంపెనీ ఇంజెక్టర్లలో ఎంతో కొంత మిగులుందని ఉదారంగా లెక్కేసినా 8, 9 బార్ దగ్గర తేలుతుంది. ఆ ప్రెషర్‌లో ట్యాంకులో ఉండే ఏ మామూలు పంపూ చాలినంత పెట్రోలు తోయలేదు. ఇంజెక్టర్ లోపలి సూది కూడా ఆ ఒత్తిడికి లేవలేక అంటుకుపోతుంది. ఏ ఆర్‌పీఎం దగ్గర అంటుకుంటుందో ముందే చెప్పలేం. ఫుల్ బూస్ట్‌లో నాలుగింటిలో ఒకటి అంటుకుందంటే ఆ సిలిండర్‌లో పిస్టన్ రింగుల గాడి విరగడానికి ట్రాక్ మీద ఒక్క స్ట్రెయిట్ (మలుపు లేని దారి) చాలు. మెకానిక్ మీద కోపం వద్దు, ఆయన నేర్చుకున్న రోజుల్లో అది నిజంగానే పని చేసింది.

మరి 1000 సీసీ ఎందుకొద్దు? బూస్ట్‌లో దానికి ఇబ్బందేమీ లేదు, చిక్కంతా ఐడిల్‌లో. ఇంత ఇంజన్ ఐడిల్‌లో గంటకి ముప్పావు లీటరు పైచిలుకు తాగుతుంది. 800 ఆర్‌పీఎం దగ్గర లెక్కేస్తే ఒక్కో చిమ్ముకి 1000 సీసీ ఇంజెక్టర్ నిజంగా పెట్రోలు వదలాల్సింది అర మిల్లీసెకను మాత్రమే. 440 సీసీకైతే ఒక మిల్లీసెకను పైన దొరుకుతుంది. ఇంజెక్టర్ తెరుచుకోవడానికే దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది, పైగా ఆ సమయం బ్యాటరీ వోల్టేజీని బట్టి మారుతుంటుంది. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలవగానే వోల్టేజీ కాస్త పడి, అర మిల్లీసెకను మీద నడుస్తున్న ఇంజన్ తడబడి, ఒక్కోసారి ఆగిపోతుంది. మంచి కంపెనీ తయారీ అయి, ఏ వోల్టేజీ దగ్గర తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే టేబుల్ చేతికిస్తే 1000 సీసీని కూడా మచ్చిక చేసుకోవచ్చు. ఆ టేబుల్ లేకుండా ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే సెట్టుతో ట్యూనర్ రోజంతా ఐడిల్ దగ్గరే కూర్చుంటాడు, బిల్లు మీకే. 440 కొన్నా సరే ఆ టేబుల్ అడిగి తీసుకోండి. బిగించే ముందు మల్టీమీటర్‌తో ఇంజెక్టర్ రెసిస్టెన్స్ చూడండి. 12 ఓమ్స్ అటూ ఇటూ ఉంటే సరే. 2, 3 ఓమ్స్ ఉంటే అవి వేరే రకం, వాటికి తగ్గ ఏర్పాటు లేని ఈసీయూలో ఇంజెక్టర్లని నడిపే సర్క్యూట్ కాలిపోతుంది.

రెగ్యులేటర్ విషయంలో కావాల్సింది బూస్ట్ రిఫరెన్స్ ఉన్న మామూలు 1:1 రెగ్యులేటర్. ఇంజెక్టర్ మూతి ఉండేది ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లో. అక్కడ 0.9 బార్ గాలి ఎదురు తోస్తుంటే రైలులో 3 బార్ ఉన్నా ఇంజెక్టర్‌కి దక్కేది 2.1 మాత్రమే. 1:1 రెగ్యులేటర్ బూస్ట్ ఎంత పెరిగితే రైలు ప్రెషర్‌ని అంతే పెంచుతుంది. వ్యాక్యూమ్ పైపు పీకి 3 బార్‌కి సెట్ చేస్తే, పైపు పెట్టాక ఐడిల్‌లో 2.4 దగ్గర, ఫుల్ బూస్ట్‌లో 3.9 చూపించాలి. మేనిఫోల్డ్ నుంచి దానికి విడిగా ఒక పైపు లాగండి. బూస్ట్ గేజీకీ, బ్లో ఆఫ్ వాల్వుకీ వెళ్ళే పైపులోనే ‘టీ’ పెట్టి పంచుకోవద్దు. ఆ పైపు ఎక్కడ ఊడినా రెగ్యులేటర్‌కి బూస్ట్ తెలియదు, ఇంజన్ లీన్ అయిపోతుంది, అంటే పెట్రోలు చాలదు. అందుకే రెండు చివర్లా క్లిప్పు ఉండాలి.

పంపు దగ్గర కొంచెం ఆగుదాం, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. వాల్‌బ్రో 255 అంటే గంటకి 255 లీటర్లని అందరూ అనుకుంటారు. అది తక్కువ ప్రెషర్‌లో, పూర్తి వోల్టేజీలో రాసిన అంకె. ప్రెషర్ పెరిగేకొద్దీ ఏ పంపు ఫ్లో అయినా తగ్గుతుంది. మీరు చూడాల్సింది 4 బార్ దగ్గర ఎంత ఇస్తుందని. మీ అవసరం 80 లీటర్లు, దాని మీద పావు వంతు మిగులు వేస్తే 100 లీటర్లు. 190 లీటర్ల రకం పంపు దీనికి హాయిగా సరిపోతుంది. 255 పెడితే నష్టమేమిటంటే, ఐడిల్‌లో ఇంజన్ తాగేది ముప్పావు లీటరైతే, మిగతా రెండు వందల పైచిలుకు లీటర్లు రెగ్యులేటర్ చిన్న రంధ్రంలోంచి, కంపెనీ సన్న రిటర్న్ పైపులోంచి వెనక్కి పోవాలి. పోలేక రైలులో ప్రెషర్ ఎక్కిపోతుంది. స్క్రూ ఎంత తిప్పినా గేజీ దిగదు, ఐడిల్‌లో నల్ల పొగ. అప్పుడు రెగ్యులేటర్ పాడైందని దాన్ని మారుస్తారు, ఫలితం శూన్యం. పైగా అంత పెట్రోలు వేడి ఇంజన్ బే చుట్టి తిరిగొస్తుంటే ట్యాంకు మొత్తం కాగుతుంది. మే నెలలో చెన్నై ట్రాక్ మీద, పావు ట్యాంకుతో, ఇథనాల్ కలిసిన పెట్రోలు కాగిందంటే పంపు పీల్చే చోటే ఆవిరి బుడగలు పుడతాయి. పంపు తోయడంలో మొనగాడు, పీల్చడంలో అర్భకుడు. కాబట్టి 190 చాలు. వాల్‌బ్రో పేరుతో నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి, బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొనండి.

ఏ పంపు కొన్నా, డబ్బా మీది అంకెని నమ్మకుండా మీ బండిలోనే కొలవండి. పంపు, పైపులు, ఫిల్టర్, రైలు అన్నీ బిగించాక రెగ్యులేటర్ రిటర్న్ పైపుని ట్యాంకు నుంచి తప్పించి, ఎర్త్ చేసిన రేకు క్యాన్‌లోకి పెట్టండి. ప్లాస్టిక్ సీసా వద్దు, స్టాటిక్ కరెంటు ఊరుకోదు. చేతి పంపుతో రెగ్యులేటర్ నిప్పల్‌కి 0.9 బార్ గాలి పట్టిస్తే రైలు 3.9కి ఎక్కుతుంది. బ్యాటరీకి చార్జర్ తగిలించి వోల్టేజీ 13.5 దగ్గర ఉంచి, రిలేతో పంపుని సరిగ్గా 30 సెకన్లు నడపండి. క్యాన్‌లో 830 మిల్లీలీటర్లు దాటాలి. దాటితే మీ 100 లీటర్లు చేరాయి. 700 దగ్గర ఆగితే ఆ పంపుతో ట్రాక్ ఎక్కొద్దు. ఈ పనంతా షెడ్డులో కాదు, ఆరుబయట చేయాలి, పక్కన ఒక మనిషి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని నిలబడాలి. చార్జర్ క్లిప్పులు ముందే పెట్టేయండి, పెట్రోలు ఆవిరి ఉన్నంతసేపూ వాటిని కదపొద్దు.

తక్కువ వచ్చిందంటే తప్పు పంపుదే కానక్కర్లేదు, తరచుగా వైరుది. ఇరవై ఏళ్ళు దాటిన బండిలో పంపుకి వెళ్ళే కంపెనీ వైరు సన్నం, కనెక్టర్లు నల్లబడి ఉంటాయి. పంపు తిరుగుతుండగా దాని ప్లగ్గు దగ్గరే మల్టీమీటర్ పెట్టి చూడండి. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి పంపు దగ్గర 12 కనిపిస్తే ఫ్లోలో 15, 20 శాతం పోయినట్టే. బ్యాటరీ నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వాహనాల వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్, మధ్యలో రిలే, అంతే మందం ఎర్త్ వైరు పెట్టించండి. ఇంటి వైరింగ్ వైరు వాడొద్దు. రిలేని తాళం చెవికి కలిపేస్తారు కొందరు ఎలక్ట్రీషియన్లు, పని తేలిక కాబట్టి. అది మాత్రం ఒప్పుకోకండి. పాత ఈసీయూ లైనే ఆ రిలేని నడపాలి. ఇంజన్ ఆగిన క్షణంలో ఈసీయూ పంపుని ఆపేస్తుంది. తాళానికి కలిపితే బండి గోడకి గుద్దుకుని పైపు తెగినా పంపు అలా తోడుతూనే ఉంటుంది.

ట్యాంకు తెరిచేటప్పుడు తొందరపడొద్దు. సాధారణంగా వెనక సీటు ఎత్తితే ఇనుప మూత, దాని స్క్రూలు తుప్పుపట్టి ఉంటాయి, చుట్టూ ఇరవై ఏళ్ళ దుమ్ము. మూత తీశాక పంపు అంచు చుట్టూ బ్లోయర్‌తో, బ్రష్షుతో శుభ్రం చేసి అప్పుడే పంపు ఎత్తండి, లేకపోతే ఆ మట్టంతా ట్యాంకులోకే. పంపు సీలింగ్ రబ్బరు బయటికి తీసిన కాసేపటికే ఉబ్బి, మళ్ళీ గాడిలో కూర్చోదు, కొత్తది ముందే కొని పెట్టుకోండి. ట్యాంకు లోపల పంపుకీ పై మూతకీ మధ్య జానెడు పైపు ఉంటుంది. అక్కడ పెట్రోల్లో మునిగి ఉండటానికే చేసిన పైపు వాడాలి, దాని మీద ఎస్‌ఏఈ జె30 ఆర్10 అని రాసి ఉంటుంది. బయట వాడే ఆర్9 పైపు నాణ్యమైనదే, కానీ పైపొర పెట్రోల్లో నానితే మెత్తబడి చిట్లుతుంది. అప్పుడు పంపు బ్రహ్మాండంగా తిరుగుతూ, పెట్రోలుని ట్యాంకులోనే తిప్పుతూ ఉంటుంది. బయట తప్పు ఏమీ కనిపించదు, ప్రెషర్ మాత్రం రాదు.

ఈ ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకున్న జిగురుని ఈ20 కరిగించి తెస్తుంది. ట్యాంకు కడిగించి, పంపు మూతికి కొత్త జల్లెడ, పంపు తర్వాత 10 మైక్రాన్ల ఫిల్టర్ పెట్టండి. మొదటి రెండు ట్యాంకుల పెట్రోలు అయ్యాక ఆ ఫిల్టర్ మళ్ళీ మార్చండి. లోపల కాగితం కాకుండా గ్లాస్ ఫైబర్‌దో, స్టీలు జాలీదో అయితే ఇథనాల్‌కి తట్టుకుంటుంది. పైపులు మీ పవర్‌కి 3/8 అంగుళం, అంటే 6 ఏఎన్ చాలు. స్టీలు అల్లిక చూసి మోసపోకండి, లోపల రబ్బరైతే కొన్ని నెలలకి కారులో పెట్రోలు వాసన మొదలవుతుంది. లోపల టెఫ్లాన్ ఉన్నది అడగండి. రంగురంగుల అల్యూమినియం రైలు మీద పెట్టే డబ్బు ఇక్కడ పెట్టడం మేలు. కంపెనీ రైలు 200 హార్స్‌పవర్‌కి చక్కగా సరిపోతుంది.

సర్జ్ ట్యాంకు అవసరం నిజంగా ఉన్నదే, మీ స్నేహితుడు గాలిలోంచి పుట్టించలేదు. పొడుగాటి మలుపులో పెట్రోలంతా ట్యాంకు ఒక పక్కకి చేరితే పంపు గాలి పీలుస్తుంది. మలుపులోంచి బయటపడి యాక్సిలరేటర్ తొక్కే క్షణంలోనే, అంటే బూస్ట్ వచ్చే సమయంలోనే, రైలులో గాలి. అయితే దానికి ముందు మెట్టు ఉంది. పంపు చుట్టూ చిన్న గిన్నెలా తొట్టి, పెట్రోలు ఊగిపోకుండా తడికెలు పెట్టించి, రిటర్న్ పెట్రోలుని ఆ తొట్టిలోకే వదిలితే, అర ట్యాంకు తగ్గకుండా చూసుకుంటే ట్రాక్ డే సెషన్లకి సాధారణంగా సరిపోతుంది. సర్జ్ ట్యాంకంటే రెండో పంపు, రెండో రిలే, మరో నాలుగైదు జాయింట్లు, అవన్నీ డిక్కీలో. ఈ సిటీలో డిక్కీకీ మీ వీపుకీ మధ్య ఉన్నది సీటు అట్ట మాత్రమే. ఎప్పుడైనా తప్పనిసరైతే గాలి చొరబడని ఇనుప గోడ కట్టించి, ఆవిరి కిందికి బయటికి పోయే గొట్టం పెట్టించాకే పెట్టండి. తొట్టి పెట్టాక కూడా లాగ్‌లో (ఈసీయూ రాసిపెట్టే రికార్డు) ప్రెషర్ మలుపుల్లో పడుతోందా లేదా అన్నదే మీ నిర్ణయానికి ఆధారం, స్నేహితుల బండ్లలో ఉందన్నది కాదు.

ఆ లాగ్ రావాలంటే రైలు మీద 10 బార్ ప్రెషర్ సెన్సర్ ఉండాలి, దాని వైరు ప్రోగ్రామ్ చేయగల ఈసీయూకి వెళ్ళాలి. బానెట్ కింద ఉన్న గేజీని ఐదో గేరులో చూసేదెవరు? ఈసీయూలో ఒక షరతు రాయించండి: రైలు ప్రెషర్‌కీ మేనిఫోల్డ్ ప్రెషర్‌కీ తేడా 3 బార్ నుంచి 2.7కి పడితే బూస్ట్ కోసేయాలి. నా లెక్కలో ఈ సెన్సర్ పంపు తర్వాత రెండో ముఖ్యమైన సామాను. మూడోది వైడ్‌బ్యాండ్, అంటే సైలెన్సర్ పొగని బట్టి గాలి, పెట్రోలు పాళ్ళు చెప్పే సెన్సర్. దాని డిస్‌ప్లేని లాంబ్డాలో పెట్టుకోండి (పూర్తిగా మండటానికి కావాల్సినంత గాలి ఉంటే 1, పెట్రోలు ఎక్కువైతే అంతకంటే తక్కువ). ఎయిర్ ఫ్యూయల్ రేషియోలో పెడితే అది స్వచ్ఛమైన పెట్రోలు అనుకుని అంకె చూపిస్తుంది, ఈ20తో ఆ అంకె మిమ్మల్ని తికమక పెడుతుంది. లాంబ్డాకి ఏ పెట్రోలైనా ఒకటే. ఫుల్ బూస్ట్‌లో 0.80 దగ్గర ఉంచమనండి.

చట్టం సంగతి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. రోడ్డు మీద తిప్పనన్నారు కాబట్టి ట్రాక్‌కి వెళ్ళేటప్పుడు కూడా నడుపుకుంటూ కాకుండా క్యారియర్ మీదే ఎక్కించుకు వెళ్ళండి.

డైనో (పవర్ కొలిచే యంత్రం) మీదికి వెళ్ళే రోజున ముందు 0.4 బార్‌తో మొదలుపెట్టమనండి, ప్రెషర్ గీత తిన్నగా ఉంటేనే తర్వాతి మెట్టు. లోపల కంపెనీ పిస్టన్లు, రాడ్లే అయితే 0.9 దాకా వెళ్ళాలా వద్దా అన్నది నాకింగ్ చూసి ట్యూనర్ చెప్పాలి. పెట్రోలు సరిపోతోంది కదా అని పిస్టన్ ఓర్చుకోదు. ఆ రోజు ట్యాంకులో ఉన్న పెట్రోలే ట్రాక్ మీదా వాడాలి. ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పోసి ట్యూన్ చేయించి, దారిలో బంకు కనిపించిందని మామూలుది కలిపారంటే ఆ మ్యాప్ (ఈసీయూలో ట్యూనర్ రాసిన లెక్కలు) ఇక మీ బండిది కాదు. కోయంబత్తూరులో ఏది దొరుకుతుందో ముందే ఫోన్ చేసి కనుక్కుని, దానితోనే ట్యూన్ చేయించుకోండి.